లింకు పంపే ముందు

చి. మాధవికి,

డయాబెటిస్ ఉన్నవాళ్ల కాళ్ల పుండ్ల మీద నువ్వు రాసిన పేపరు జర్నల్లో వచ్చిందని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఎంతమంది చదివారో లెక్క తీసి ఇంటర్వ్యూకి పట్టుకెళ్తావట. ఆ మాట వినగానే మాత్రం గుబులు పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

తేలిక పనులు ముందు. ఆర్కిడ్ ప్రొఫైల్లో, అంటే పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య పేజీలో, పేపరు చేర్చు. పేపరు గురించి ఎక్కడెక్కడ మాట్లాడారో లెక్కగట్టి స్కోరు ఇచ్చే ఆల్ట్‌మెట్రిక్ వాళ్ల బుక్‌మార్క్‌లెట్ (నొక్కితే ఆ లెక్క చూపే బటన్) ఉచితం, బ్రౌజర్లో పెట్టుకో. డీఓఐ, అంటే పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఒకచోట రాసి ఉంచు.

అసలు చిక్కంతా లింకు దగ్గరే. కాలేజీ లైబ్రరీ లాగిన్‌తో పేపరు తెరిచి, పైనున్న అడ్రసు కాపీ చేసి అందరికీ పంపేస్తాం. లైబ్రరీలో ఇన్నేళ్లు పనిచేసి నేనూ చేసిన తప్పే ఇది. ఆ అడ్రసును తీరిగ్గా చూడు: జర్నల్ పేరు తర్వాత చుక్కలతో కాలేజీ ప్రాక్సీ (లాగిన్ ఉన్నవాళ్లనే లోపలికి పంపే మధ్య సర్వరు) పేరు అతుక్కుని ఉంటుంది. నీకు చక్కగా తెరుచుకుంటుంది. కోఠీలో నీ పక్కన కూర్చున్న పీజీకీ తెరుచుకుంటుంది. కరీంనగర్‌లో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు నొక్కితే మాత్రం పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తుంది, ఆయన మూసేస్తాడు. లెక్కగట్టే యంత్రానికీ ఆ అడ్రసు నీ పేపరుదని తెలియదు, కాబట్టి ఆ పోస్టు నీ ఖాతాలో పడదు. పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో వేసినా అంతే. రెండు వందల మంది చదివినా ఎక్కడా ఆనవాలు మిగలదు. పంపాల్సింది డీఓఐ లింకు ఒక్కటే. అదీ వాక్యం చివర పెట్టి చుక్క పెట్టకు. ఆ చుక్క లింకులో కలిసిపోతే పేజీ దొరకలేదని వస్తుంది. ప్రీప్రింట్ (జర్నల్లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) పెట్టి ఉంటే దానికి వేరే డీఓఐ ఉంటుంది. ఇకమీదట పాతది పంపకు, లెక్క రెండు ముక్కలవుతుంది. పత్రికలవాళ్లతో మాట్లాడితే, వార్తలో డీఓఐ వేయమని గట్టిగా అడుగు.

ఇక ఆల్ట్‌మెట్రిక్ స్కోరు. అది చదివినవాళ్ల సంఖ్య కాదే తల్లీ! వార్తకు 8, బ్లాగుకు 5, వికీపీడియాకు 3, ఫేస్‌బుక్ పోస్టుకు పావు చొప్పున తూకం వేసి కూడతారు. పరిశోధకులు పేపర్లు దాచుకునే మెండెలీలో నీ పేపరు దాచుకున్నవాళ్లు కనిపిస్తారు కానీ స్కోరులో కలవరు. నాకైతే వాళ్లే ముఖ్యం, దాచుకున్నవాళ్లే రేపు నీ పేపరును ఉదహరించేది. స్నేహితుల చేత పదేపదే పోస్టులు పెట్టించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఒకే మనిషి ఒకేచోట ఎన్నిసార్లు పెట్టినా ఒక్కటిగానే లెక్క, పరువు తక్కువ పని కూడా. జర్నల్ సైటులో చూసినవాళ్ల లెక్క, పబ్‌మెడ్ సెంట్రల్ (వైద్య పేపర్లు ఉచితంగా దొరికే సైటు) లెక్క వేర్వేరు. ఏది ఎక్కడిదో, ఏ తేదీన చూశావో పక్కనే రాయి.

ఇంటర్వ్యూలో స్కోరును మొదటి పేజీలో పెట్టకు. ఎంఎంఆర్ టీకాకు ఆటిజంతో ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపరు 1998లో లాన్సెట్‌లో వచ్చింది, 2010లో వెనక్కి తీసుకున్నారు. దాని గురించి లోకమంతా మాట్లాడింది, ఇంకా మాట్లాడుతూనే ఉంది. సంఖ్య పెద్దదైతే పని మంచిదని దాన్ని చూశాక ఎవరంటారు? మొత్తం అంకె బదులు, ఎవరు ఏమన్నారో రెండు వరుసలు రాయి. కాళ్ల పుండ్లు చూసే నర్సు ఒకామె ప్రశ్న వేసి ఉంటే అది ముందు పెట్టు.

రోజూ తెరిచి చూసుకుంటూ కూర్చోకు, నీ సంగతి నాకు తెలుసు. వారానికి ఒకసారి, సోమవారం పొద్దున చాలు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినకుండా ఫోన్ పట్టుకుంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది.

ఎవరికీ పంపకముందు ఆ లింకు నాకు పంపు. తార్నాకలో మా ఇంట్లో ఏ కాలేజీ లాగిన్నూ లేదు. తెరుచుకుంటుందో లేదో చూసి వెంటనే చెబుతాను.

మీ మేనత్త