ఫీజు లేని చదువు, సేవకు రాసిచ్చే ఏళ్లు

ప్రశ్న: నేను టెక్సస్‌లో గ్రీన్‌కార్డుపై ఉంటూ, బడిలో ఆటిజం ఉన్న పిల్లల తరగతిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. బిహేవియర్ అనలిస్టు (ప్రవర్తనను విశ్లేషించి తోడ్పడే నిపుణురాలు) కావడానికి, ఫీజు వాళ్లే కట్టి స్టైపెండు కూడా ఇచ్చే మాస్టర్స్ కోర్సులో నాకు అవకాశం ఉంటుందా?

– ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందండీ. అమెరికా విద్యాశాఖ ప్రత్యేక విద్య సిబ్బంది శిక్షణకై విశ్వవిద్యాలయాలకు ఇచ్చే గ్రాంట్లతో విద్యార్థులకు అందే సాయానికి పౌరులతోపాటు గ్రీన్‌కార్డుదారులూ అర్హులే. విద్యార్థి వీసాపై వచ్చినవారికి మాత్రం అది అందదు. ప్రస్తుతం ఏ విశ్వవిద్యాలయంలో గ్రాంటు నడుస్తోందో ముందుగా విచారించండి. సంతకం చేసేముందు ఒప్పందాన్ని నిదానంగా చదవాలి, ఎందుకంటే పూర్తి సాయం పొందిన ఒక్కొక్క విద్యాసంవత్సరానికి రెండేళ్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సేవ చేయాలి, లేకపోతే సొమ్ము తిరిగి కట్టాలి.

డిగ్రీ ఒక్కటే చాలదు. బిహేవియర్ అనలిస్టుగా ధ్రువీకరణ పొందడానికి రాసే బీసీబీఏ పరీక్షకు మామూలు పద్ధతిలో 2,000 గంటల పర్యవేక్షిత క్షేత్రానుభవం కావాలి. గంట మోగగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరే పిల్లవాణ్ణి గదమాయించకుండా, అంతకుముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఎవరేం చేశారు అని వరుసగా రాసుకోవడం అక్కడే అలవడుతుంది. చేదు మాటే గాని, కోర్సు మొదలుకాకముందు మీరు బడిలో చేసిన పని ఈ గంటల లెక్కలోకి రాదు.