డ్రాలు తగ్గితేనే లీగ్ చేతికొచ్చేది
ఆటల ప్రశ్నలు – జవాబులు

ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ గురించే. అందులోనూ కోచ్ యూర్గెన్ క్లాప్ చేతుల్లో లివర్‌పూల్ క్లబ్ 30 ఏళ్ల తర్వాత ఇంగ్లాండ్ లీగ్ ఎలా గెలిచిందన్నదే చాలామంది అడిగారు. పాఠకుల పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఇస్తున్నాం.

ప్రశ్న: క్లాప్ 2015లో వచ్చాడు, లీగ్ గెలిచింది 2020లో. మధ్యలో అన్నేళ్లు ఏం చేసినట్టండీ? మా దగ్గర రెండు టోర్నమెంట్లు ఓడితే కోచ్‌ని మార్చేస్తారు. – అమలాపురం

క్లాప్ పగ్గాలు పట్టింది 2015 అక్టోబర్ 8న, సీజన్ మొదలైన రెండు నెలలకి. ఆ ఏడాది 60 పాయింట్లతో 8వ స్థానం. ఆ తర్వాత 76 పాయింట్లతో 4, 75తో మళ్లీ 4, 97తో 2, చివరికి 99తో మొదటి స్థానం. పాయింట్లే చూస్తే మూడో ఏట ఒక మెట్టు దిగినట్టుంటుంది. మొదటి నాలుగేళ్ల గోల్స్ లెక్క చూడండి. వేసిన గోల్స్ 63, 78, 84, 89. తిన్న గోల్స్ 50, 42, 38, 22. గోల్స్ కొట్టడం రెండో ఏటికే పట్టుబడింది. ఆపడానికి నాలుగో ఏడు రావాల్సి వచ్చింది.

2017 వేసవిలో లివర్‌పూల్‌కి సౌతాంప్టన్ సెంటర్ బ్యాక్ (వెనక వరస నడుమ ఆడే డిఫెండర్) వర్జిల్ వాన్ డైక్ కావాలి. బేరం చెడి, క్షమాపణ చెప్పుకుని వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అయినా అందుబాటులో ఉన్న ఇంకో సెంటర్ బ్యాక్‌ని తెచ్చి సర్దుకోలేదు. గోల్స్ తింటూనే ఆరు నెలలు ఆగి, 2018 జనవరిలో అతన్నే 7.5 కోట్ల పౌండ్లకు తెచ్చుకున్నారు. అదే నెలలో దాడికి ప్రాణంలాంటి కుటీన్యోని బార్సిలోనాకి అమ్మేశారు. ఆ వేసవిలో రోమా నుంచి గోల్‌కీపర్ అలిసన్ వచ్చాడు. ముందువరసలో మెరిసేవాణ్ని వదులుకుని ఆ డబ్బు వెనక వరసలో పెట్టడం, మా దృష్టిలో, ఆ అయిదేళ్లలో తీసుకున్న అతి పెద్ద నిర్ణయం.

మీ కోచ్‌ని మార్చే ముందు రెండు సీజన్ల తిన్న గోల్స్ పక్కపక్కన రాసుకోండి. అవి తగ్గుతూ ఉంటే, ఓడినా సరే, ఆయన్ని ఉండనివ్వండి.

ప్రశ్న: 2018-19లో లివర్‌పూల్‌కి 97 పాయింట్లు, ఒక్కటంటే ఒక్క ఓటమి. అయినా కప్పు మాంచెస్టర్ సిటీకి పోయింది. అది దురదృష్టం కాక ఇంకేంటండీ? – భీమవరం

కొంత దురదృష్టమే. ఆ ఒక్క ఓటమి 2019 జనవరి 3న సిటీ మైదానంలోనే, 2-1తో. గోల్ పడకముందు లివర్‌పూల్ ఆటగాడు మానే కొట్టిన బంతి పోస్టుకి తగిలి తిరిగొచ్చింది. దాన్ని తన్నేయబోయాడు సిటీ డిఫెండర్ స్టోన్స్. అది సొంత కీపర్‌కి కొట్టుకుని గోల్‌వైపే మళ్లింది. స్టోన్స్ మళ్లీ ఉరికి గీత మీద నుంచి దాన్ని బయటికి లాగేశాడు. బంతి గీత పూర్తిగా దాటడానికి 11 మిల్లీమీటర్ల చిల్లర తక్కువైంది. చిటికెన వేలి గోరంత.

అయితే అసలు లెక్క ఆ గోరులో లేదు. 38 మ్యాచ్‌లకు మొత్తం 114 పాయింట్లు. సిటీ ఏకంగా 4 మ్యాచ్‌లు ఓడింది, డ్రాలు 2. అంటే 12, 4 కలిపి 16 పాయింట్లు పోగొట్టుకుంది. లివర్‌పూల్ ఓడింది ఒకటే, కానీ డ్రాలు 7. అంటే 3, 14 కలిపి 17. ఓటమికి మూడు పోతాయి, డ్రాకి రెండు పోతాయి. ఓటమి అందరికీ కనబడుతుంది. డ్రా మాత్రం చేలో ఎలుకలా కంటబడకుండా పంట తినేస్తుంది.

క్లాప్ కాలంలో డ్రాల వరస చూడండి: 12, 10, 12, 7, 3. గెలిచిన ఏడాది ఓటములు 3, అంటే ముందటేడుకన్నా రెండు ఎక్కువ. తిన్న గోల్స్ కూడా 22 నుంచి 33కి పెరిగాయి. అయినా డ్రాలు 3కి దిగాయి కాబట్టి 99 వచ్చాయి. మొదటి 27 మ్యాచ్‌లలో 26 గెలుపులు, 1 డ్రా. ఇంకా 7 మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, 2020 జూన్ 25న, లీగ్ ఖాయమైపోయింది.

డ్రాలు ఎలా తగ్గాయన్నదానికి రెండు మ్యాచ్‌లు చాలు. 2017 ఆగస్టులో వాట్‌ఫర్డ్ మీద 3-2తో ముందుండి, అదనపు సమయంలో కార్నర్ నుంచి గోల్ తిని 3-3 చేసుకున్నారు. 2019 నవంబర్ 2న ఆస్టన్ విల్లా మీద 87వ నిమిషం దాకా 0-1తో వెనకబడి ఉన్నారు. రాబర్ట్‌సన్ తలతో సమం చేశాడు. 94వ నిమిషంలో అలెగ్జాండర్-ఆర్నల్డ్ కార్నర్ కొడితే మానే దగ్గరి పోస్టువైపు దూసుకొచ్చి తలతో వేశాడు. ఒకప్పుడు ఏ కార్నర్ దగ్గర రెండు పాయింట్లు జారవిడిచారో, ఆ కార్నర్ దగ్గరే గెలుపు దక్కించుకున్నారు.

మీ జట్టు కార్నర్ కాచుకునేటప్పుడు ఇలా నిలబెట్టి చూడండి. కీపర్ కాక దగ్గరి పోస్టు దగ్గర ఒకరు, గోల్ ముందున్న చిన్న పెట్టె గీత మీద ముగ్గురు, ఎదుటి జట్టులో తల బాగా ఆడే ముగ్గురి దారికి అడ్డంగా ముగ్గురు, తిరిగొచ్చే బంతి కోసం పెద్ద పెట్టె అంచున ఇద్దరు, మధ్యగీత వైపు ఒక్కరు. కుర్రాళ్లు చేసే తప్పు ఏంటంటే అందరూ బంతినే చూస్తారు. అడ్డం నిలబడే ముగ్గురూ మనిషి మీద చెయ్యి వేయకుండా, ఒళ్లు పక్కకి తిప్పి, బంతినీ మనిషినీ రెంటినీ చూడాలి.

ప్రశ్న: క్లాప్ జట్టులా బంతి పోగానే మీద పడమంటే మా కుర్రాళ్లు 20 నిమిషాలకే ఆయాసపడి ఆగిపోతున్నారు. ఆ వెంటనే గోల్స్ తింటున్నాం. లోపం ఎక్కడ? – రాజోలు

ముందువరసకీ వెనకవరసకీ మధ్య జాగాలో. ముందున్న ఇద్దరు ప్రత్యర్థి గోల్ దాకా తరుముతుంటే, మీ డిఫెండర్లు తమ పెట్టె దగ్గరే ఉండిపోతున్నారని పందెం కాయొచ్చు. మధ్యలో 50 మీటర్ల ఖాళీ ఉంటే ఒక్క పాస్‌తో మీ ప్రెస్‌ని, అంటే మీద పడేవాళ్లందరినీ, దాటిపోతారు. గోల్‌కీపర్‌ని వదిలేసి, చివరి డిఫెండర్ నుంచి మొదటి ఫార్వర్డ్ దాకా దూరం 30-35 మీటర్లకు మించకూడదు. ముందువాళ్లు కదిలితే వెనకవాళ్లూ కదలాలి, కీపర్ కూడా పెట్టె అంచుకి రావాలి.

రెండోది, ప్రతిసారీ పడకూడదు. ఎదుటివాడు వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు, మొదటి తాకుడుకే బంతి కాలికి బారెడు దూరం పోయినప్పుడు, మొహం తన గోల్‌వైపే ఉన్నప్పుడు, పక్కగీత దగ్గర ఇరుక్కున్నప్పుడు పడాలి. దగ్గరున్నవాడు బంతి మీదకి, తర్వాతి ఇద్దరు పాస్ పోయే దారుల్లోకి. ఒక్కడు పోయి ఇద్దరు చూస్తూ నిలబడితే ఆ పరుగు దండగ.

నేర్పడానికి 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు గడి గీయండి. అయిదుగురు చొప్పున ఆడించండి. బంతి పోయిన జట్టుకి అయిదు అంకెలు గట్టిగా లెక్కపెట్టండి. ఆలోపు దొరక్కపోతే అందరూ వెనక్కి పరుగెత్తి సర్దుకోవాలి. మూడు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విశ్రాంతి, అలా నాలుగుసార్లు. అంతకుమించి వద్దు. క్లాప్ వచ్చిన మొదటి చలికాలంలో లివర్‌పూల్ వాళ్లకే తొడ వెనక కండరాలు వరసగా పట్టేశాయి. ఇక మన కోనసీమ ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. ఒక్కో సగంలో మొదటి 15 నిమిషాలు మీద పడి, తర్వాత మధ్యగీత దగ్గర కాచుకోండి. మధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇవ్వండి.

ప్రశ్న: ఆర్సెనల్ 2022-23లో లీగ్ పట్టికలో 248 రోజులు పైన ఉండి ఎలా జారిపోయింది? – పాలకొల్లు

2023 మార్చి 16న సెంటర్ బ్యాక్ సలీబా నడుము పట్టేసి బయటికి వెళ్లాడు, అతని స్థాయి మనిషి బెంచి మీద లేడు. ఏప్రిల్‌లో లివర్‌పూల్‌తో, వెస్ట్ హామ్‌తో 2-0 ముందుండి 2-2, సౌతాంప్టన్‌తో 3-3. మూడు డ్రాలకు ఆరు పాయింట్లు. చివరికి సిటీ గెలిచింది 89-84తో, అయిదు పాయింట్ల తేడాతో. మరుసటి సీజన్ సలీబా 38 మ్యాచ్‌లూ ఆడాడు. తిన్న గోల్స్ 43 నుంచి 29కి తగ్గాయి.

ప్రశ్న: లివర్‌పూల్ వాళ్లు త్రో వేయడానికి కూడా కోచ్‌ని పెట్టుకున్నారట, నిజమేనా? – నరసాపురం

నిజం. డెన్మార్క్‌కి చెందిన థామస్ గ్రోనెమార్క్ 2018లో చేరాడు. ఒక్కో మ్యాచ్‌లో 40కి పైగా త్రోలు ఉంటాయి. ప్రతిదీ బంతి పోగొట్టుకునే అవకాశమే. రెండు కాళ్లూ గీత మీదో వెనకో నేలకి ఆని ఉండాలి, బంతి తల వెనక నుంచి రావాలి. ప్రత్యర్థి 2 మీటర్ల దూరంలో ఉండాలి. త్రో నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు, మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. ఒకడు వేసేవాడివైపు పరుగెత్తి తన వెంట డిఫెండర్‌ని లాక్కురావాలి, ఇంకొకడు ఆ ఖాళీలోకి వెళ్లాలి. నిలబడ్డవాడికి ఎప్పుడూ వేయకండి.

ప్రశ్న: మా గ్రౌండు జిగట నేల. వానాకాలంలో గోల్ ముందు నీళ్లు నిలిచిపోతాయి. ఇసక పోస్తే సరిపోతుందా? – ముమ్మిడివరం

గుంటలో ఇసక పోస్తే ఆ ఇసక కిందే నీళ్లు నిలుస్తాయి, చుట్టూ బంకమట్టి గిన్నెలా పట్టుకుంటుంది కాబట్టి. ఎండాకాలంలో గోల్ ముందు ఆరంగుళాలు తవ్వి గడ్డలు చితక్కొట్టి, అదే మట్టిలో ఇసక కలిపి, చుట్టుపక్కలకన్నా రెండంగుళాలు ఎత్తుగా తొక్కించండి. గ్రౌండు నడుమ పక్కగీతలకన్నా అడుగు ఎత్తుండేలా వాలు ఇచ్చి, బయట బోదె తీసి నీళ్లు పోయే దారి చూపండి.

మ్యాచ్ రోజు నీళ్లుంటే ముందు బంతిని దొర్లించి చూడండి. ఆగిపోతే సొంత గోల్ ముందు అడ్డంగా చిన్న పాస్‌లు పూర్తిగా మానేయండి. కీపర్ బంతిని పట్టుకోవాలని చూడకుండా పక్కలకి నెట్టేయాలి.

ప్రశ్న: మాది ఎనిమిది జట్ల లీగ్. మా జట్టు ముందుకెళ్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? – తణుకు

ఒక్కో జట్టుతో రెండేసి మ్యాచ్‌లైతే 14 మ్యాచ్‌లు, 42 పాయింట్లు. ఒక నోటుపుస్తకంలో వచ్చిన పాయింట్లు కాకుండా పోయిన పాయింట్లు రాయండి. తిన్న ప్రతి గోల్‌కీ నాలుగు సంగతులు: ఎన్నో నిమిషం, బంతి ఎక్కడ పోయింది, కార్నరా త్రోనా నడిచే ఆటా, అప్పుడు మనం ముందున్నామా వెనకున్నామా. నాలుగు మ్యాచ్‌లకోసారి అవి చదివి, ఎక్కువసార్లు వచ్చిన ఒక్క తప్పునే పట్టుకుని రెండు వారాల సాధన దాని మీదే పెట్టండి. ఆ తప్పు తర్వాతి నాలుగు మ్యాచ్‌లలో సగానికి తగ్గితేనే రెండో తప్పు జోలికి వెళ్లండి.