దత్తత వెళ్లిన చెల్లితో బంధం నిలుస్తుందా?

విశాఖలో ఉంటున్న మీరు, ఎనిమిదేళ్ల చెల్లిని గాజువాకలోని పిన్నిగారు దత్తత తీసుకున్నారని, ఇక తను మీకేమీ కాదా అని అడిగారు.

ఎందుకు కాదు! 1956 నాటి హిందూ దత్తత చట్టం 12వ సెక్షన్ ప్రకారం కన్నవారింటితో చట్టపరమైన బంధం తెగి, పెంచేవారితో ముడిపడుతుంది. అయినా కన్నవారి వైపు రక్తసంబంధీకులతో పెళ్లి కూడదన్న నిషేధం అలాగే ఉంటుంది. తోబుట్టువులు కలవకూడదని ఆ చట్టంలో లేదు. కాకపోతే మైనరు కాబట్టి పిన్ని, బాబాయిల సమ్మతి ముఖ్యం. ముందు వాళ్లతో మనసు విప్పి మాట్లాడండి.

నెలకో ఆదివారం ఖాయం చేసుకోండి. ఆర్కే బీచ్‌లో ఒకే పొట్లంలోని ముంత కింద పప్పు పంచుకుంటూ, బడి కబుర్లు తననే చెప్పనివ్వండి. రాలేని రోజున మీరే ఫోను చేసి చెప్పండి. ఎదురుచూసిన పసిమనసు చాలా నొచ్చుకుంటుంది. "నీ అసలు అమ్మ" అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనవద్దు. ఏ ఇల్లు బాగుందనీ అడగవద్దు.

సంస్థ ద్వారా బయటివారికి దత్తత ఇస్తే దారి వేరు. ఆ వివరాలు గోప్యం. దత్తత వెళ్లినవారు 18 ఏళ్లు నిండాక సొంతంగా, అంతకు ముందైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి, తమ మూలాలు తెలుసుకోవడానికి కేంద్ర దత్తత సంస్థ 'కారా'కు దరఖాస్తు చేసుకోవచ్చు.