యువ రచయితకు లేఖ: వింటున్న ముఖాలు

చిరంజీవికి ఆశీస్సులు.

‘గిమ్మీ షెల్టర్’ డాక్యుమెంటరీ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1969లో బ్రిటిష్ రాక్ సంగీత బృందం రోలింగ్ స్టోన్స్ అమెరికాలో చేసిన పర్యటనను, ఆ డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ రేసు మైదానంలో సుమారు 3 లక్షల మంది నడుమ జరిగిన ఉచిత కచేరీని శ్రద్ధగానే వర్ణించావు. అయితే అక్కడ జరిగిన హత్యను చివరి పేరా దాకా దాచిపెట్టావు. చదువరి ఉలిక్కిపడాలన్నది నీ ఉద్దేశం కావచ్చు గానీ, వ్యాసం దారి తప్పింది అక్కడే.

ఆ సినిమా దర్శకులు మేజిల్స్ సోదరులు, షార్లెట్ జ్వెరిన్ ఆ సంగతి దాచలేదు. సినిమా మొదలైన కాసేపటికే, రేడియోలో జనం ఆల్టమాంట్ గురించి చెప్పుకున్న మాటల రికార్డింగును బృందంలోని డ్రమ్మర్ చార్లీ వాట్స్ ఎడిటింగ్ గదిలో కూర్చుని వింటూ కనిపిస్తాడు. ప్రాణం పోయిందని మనకు అప్పుడే తెలిసిపోతుంది. రావణుడు చస్తాడని తెలిసే మనవాళ్ళు తోలుబొమ్మలాట ముందు తెల్లవార్లూ కూర్చునేవారు. అలాగే ఇక్కడ కూడా, జరగబోయేది ముందే తెలియడం వల్ల, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గాయకుడు మిక్ జాగర్ చిందులు వేస్తుంటే ఆ సంబరం చూస్తూనే లోలోపల బెంగపడతాం.

అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియో దృశ్యాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నా మటుకు సినిమాకు ప్రాణం అదే. రికార్డు చేసిన పాటను వాళ్ళు తిరిగి వింటూ ఉంటారు. కెమెరా ఒకసారి గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అరిగిన బూటు మీద, మరోసారి చార్లీ వాట్స్ ముఖం మీద తీరిగ్గా నిలుస్తుంది. ‘హోరు’, ‘ఉర్రూతలు’ అని నువ్వు పదేపదే రాసినచోట వింటున్న మనిషిని ఇంత దగ్గరగా చూసి ఉంటే, పాట దానంతటదే వినిపించేది.

నన్ను బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. చనిపోయినవాణ్ణి ‘ఒక నల్లజాతి యువకుడు’ అని వదిలేశావు. అతని పేరు మెరెడిత్ హంటర్, వయసు 18. ఆకుపచ్చ సూటు వేసుకుని పాట వినడానికి వచ్చాడు. వేదిక దగ్గర కాపలాకు పెట్టిన హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠా సభ్యుడొకడు అతన్ని కత్తితో పొడిచాడు. హంటర్ చేతిలో తుపాకీ ఉన్న సంగతీ ఆ రీలులోనే ఉంది. ఆత్మరక్షణ వాదనతో నిందితుడు 1971లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఎడిటింగ్ బల్ల దగ్గర డేవిడ్ మేజిల్స్ ఆ రీలును వెనక్కి తిప్పి నెమ్మదిగా నడిపినప్పుడు, హంటర్ పక్కనున్న అమ్మాయి వేసుకున్న లేతరంగు అల్లిక దుస్తుల మీద తుపాకీ నల్లగా కనబడుతుంది. చూసిన జాగర్ లేచి వెళ్ళిపోతాడు. అతని ముఖంలో పశ్చాత్తాపం ఉందని నువ్వు తీర్పు చెప్పేశావు. దర్శకులు మాత్రం ఆ ముఖాన్ని తెరమీద కదలకుండా నిలిపి, ఏ మాటా జోడించలేదు. నువ్వు కూడా చూసింది రాసి, అక్కడ ఆగు.

తిరగరాసి పంపు. హంటర్ పేరు మొదటి పేరాలోనే ఉండాలి.

నీ శ్రేయోభిలాషి