అమ్మమ్మ చీరతో బొంత కుట్టబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆడపడుచుకి జనవరిలో కాన్పు అనీ, మీ అత్తగారు డిసెంబరు మొదటివారంలో డాలస్ వెళ్తున్నారనీ, ఆవిడ పెట్టెలో నువ్వు స్వయంగా కుట్టిన బొంత ఒకటి పంపాలనుందనీ చెప్పావు. ఆ రోజు నుంచీ నా ధ్యాసంతా దానిమీదే ఉంది. ఫోన్లో మాట్లాడితే సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. రాసి పంపితే పక్కన పెట్టుకుని కుట్టుకుంటావు కదా అని కూర్చున్నాను.

నువ్వు మొదట అడిగింది ఏ డిజైన్ బాగుంటుందని. డిజైన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బొంతకి అక్కడ ఏం పనో ఆలోచించు. చంటిపిల్ల దానిమీద పాలు కక్కుతుంది, తడుపుతుంది. వారానికి మూడుసార్లు వాషింగ్ మెషీన్లో పడుతుంది. అంత వాడకానికి నిలబడే బొంత కావాలి. నేను అద్దాలూ చమ్కీలూ పెట్టి, పట్టుముక్కలు అతికి కుట్టి ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. ఇచ్చిన రోజు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత బీరువాలో కవర్లో పెట్టేశారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి కుట్టిచ్చిన నీలం బొంత అలా కాదు. నాలుగో ఏడు వచ్చేదాకా దాన్ని ఇల్లంతా ఈడ్చుకు తిరిగావు. అంచులు పీలికలైతే రెండుసార్లు మళ్ళీ కుట్టాను. నేను కుట్టినవాటిలో నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చింది అదే.

బట్ట కొత్తది కొనకు. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డని మొదట పాతబట్టలో చుట్టేది ఊరికే కాదు. కొత్త నూలుబట్టకి గంజి బిరుసు ఉంటుంది, లేత చర్మానికి ఒరుసుకుంటుంది. వందసార్లు ఉతికి ఆరేసిన చీరకి వచ్చే మెత్తదనం కొట్లో దొరకదు. ఇది మనవాళ్ళకి ఒక్కళ్ళకే తెలిసిన సంగతీ కాదు. బెంగాలీవాళ్ళ కాంథా, మరాఠీవాళ్ళ గోధడీ, కన్నడంవాళ్ళ కౌది, అన్నీ పాతబట్టల పొరలే. బిహార్లో సుజని అనేది పుట్టిన బిడ్డని చుట్టడానికని మొదలైన కుట్టుపనే.

మీ అత్తగారిని ఒక పాత నూలుచీర అడుగు. పుట్టబోయే బిడ్డకి ఆవిడ అమ్మమ్మ, నువ్వు అత్తయ్యవి. అమ్మమ్మ కట్టిన చీర, అత్తయ్య చేతి కుట్టు, అంతకన్నా ఏం కావాలి?

అడిగి తీసుకోమని గట్టిగా చెప్తున్నాను. పెళ్ళైన కొత్తలో నేను ట్రంకుపెట్టె సర్దుతూ, బాగా వెలిసిపోయిన ఆకుపచ్చ చీర ఒకటి కనిపిస్తే, పాతదే కదా అని మా అత్తగారిని అడక్కుండా చింపేశాను. అది ఆవిడకి వాళ్ళ అన్నగారు పెట్టిన ఆఖరి చీర. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. బొంత పూర్తయ్యాక దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు, తనే కప్పుకున్నారు. ఆ తర్వాత ఒక్క చీర కూడా అడక్కుండా ముట్టలేదు నేను. నువ్వు అడిగితే ఆవిడ చీరతోపాటు దాని కథ కూడా చెప్తారు. అది బిడ్డకి చెప్పడానికి పనికొస్తుంది.

చీర అసలు నూలుదై ఉండాలి. మంగళగిరి, వెంకటగిరి నూలుచీరలు బాగా పనికొస్తాయి, కానీ జరీ ఉంటే ఆ అంచు తీసెయ్యి, పిల్లకి గీసుకుంటుంది. గద్వాల చీరకి మధ్యలో నూలు, అంచు పట్టు ఉంటుంది. ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు, బొంత ఉబ్బులు తేలుతుంది. అందుకని అది వద్దు. నూలు అంచు ఉన్న సాదా చీర దొరికితే అదృష్టం. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడు. జల్లెడలా పలచబడినచోట కుట్టు నిలవదు, ఆ భాగం వదిలెయ్యి.

పెట్టెలోంచి తీసిన చీరకి కలరా ఉండల వాసన ఉంటే జాగ్రత్త. కలరా ఉండల్లో ఎక్కువగా ఉండేది నాఫ్తలీన్. పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో అది రక్తకణాలని దెబ్బతీసి కామెర్లు తెస్తుంది. లోపం ఉందో లేదో మనకి ముందుగా తెలియదు కదా. రెండుమూడుసార్లు ఉతికి, నాలుగైదు రోజులు ఎండలో వెయ్యి. అప్పటికీ వాసన వస్తుంటే వేరే చీర తీసుకో.

రంగు కూడా చూసుకో. తడిపిన తెల్లగుడ్డతో చీరమీద గట్టిగా రుద్దు. తెల్లగుడ్డకి రంగు అంటిందా, ఆ చీర వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందంటారు గానీ, నేను చూసినంతలో ఆగలేదు. ఒకసారి తెల్లపంచె పొరలమీద ఎర్రచీర వేసి కుట్టాను. మొదటి ఉతుకుకే బొంతంతా గులాబీరంగు మరకలైంది. నెల రోజుల పని అది.

ఇక కొలతలు. చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. పన్నా, అంటే వెడల్పు, 45, 46 అంగుళాలుంటుంది. అడుగుపొరకి 39 అంగుళాల ముక్క ఒకటి, మిగతా పొరలకి 36 అంగుళాల ముక్కలు నాలుగు తీస్తే 183 అంగుళాలు అవుతుంది. ఒక్క చీరలో ఐదు పొరల బొంత వచ్చేస్తుంది, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. కత్తెరతో చిన్న గాటు పెట్టి చేత్తో చింపు. పోగువెంట నిటారుగా వస్తుంది. కత్తెరతో కోస్తే ఎంత జాగ్రత్తగా కోసినా వంకర పోతుంది. 36 అంగుళాల ముక్కలకి రెండుపక్కలా అంగుళంన్నర చొప్పున అంచు తీసెయ్యి, పన్నా 43 అంగుళాలకి వస్తుంది. అడుగుపొర అంచు మాత్రం ఉంచు. చివర్లో దాన్ని పైకి మడిచి కుడితే చీర అంచే బొంతకి అంచవుతుంది. జరీ అంచయితే అది తీసేసి, మిగతా పొరల్ని ఇంకో అంగుళంన్నర చొప్పున తగ్గించు. పైట చెంగు ముక్కని పైపొరగా వాడుకో. ఇదంతా కలిపి అరకిలో అటూ ఇటూగా తూగుతుంది. మీ అత్తగారి పెట్టెలో పచ్చళ్ళ బరువు ముందు ఇదొక లెక్క కాదు.

పొరలు పరిచే రోజు తొందరపడకు. అన్నీ ఇస్త్రీ చేసి, నేలమీద తుడిచి ఆరిన చోట అడుగుపొర పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టు. నేను పచ్చడి జాడీలు పెడతాను. ఒక్కో పొర వేసినప్పుడల్లా అరచేత్తో మధ్యనుంచి బయటికి నిమురు. చిన్న మడత లోపల ఉండిపోయినా తర్వాత తీయలేవు. అప్పుడు టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్లు, వెయ్యి. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులవైపు, జానెడు దూరానికొక వరస. టాకాలకి వేరే రంగు దారం వాడితే తీసేటప్పుడు సులువు. గుండుసూదులతో పొరలు పట్టి ఉంచుదామని మాత్రం అనుకోకు. ఐదు పొరల్లో ఒక్క గుండుసూది కనపడకుండా ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించు. కుట్టుసూదులు కూడా రోజూ కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ లెక్కపెట్టు.

దారం గురించి అడిగావు. గంతకు తగ్గ బొంత అన్నట్టు బట్టకు తగ్గ దారం ఉండాలి. మెత్తబడిన పాతచీరకి గట్టి పాలిస్టర్ దారం వేస్తే, లాగుడు పడ్డప్పుడు దారం తెగదు, బట్టే చిరుగుతుంది. నూలు దారమే మంచిది. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం లచ్చి ఎనిమిది మీటర్లుంటుంది. రెండేసి పోగులు విడదీసుకుంటే ఒక్కో లచ్చిలో 24 మీటర్ల కుట్టుదారం వస్తుంది. నీ బొంతకి అంగుళానికొక వరస చొప్పున 43 వరసలు, ఒక్కో వరస 36 అంగుళాలు, అంటే దాదాపు 40 మీటర్ల కుట్టు. సందుల్లో పోయేదీ ముడులకి పోయేదీ కలుపుకుని మూడు లచ్చిలు తెచ్చుకో. దారం మూరకన్నా పొడవు తీసుకోకు. మాటిమాటికీ సూదికి ఎక్కించడం విసుగనిపించి బారెడు తీసుకుంటే, ప్రతిసారీ బట్టలోంచి దూరి దూరి దారం నలిగిపోతుంది, చిక్కులు పడుతుంది. చిక్కు తీసుకోవడంలో పోయే టైమే ఎక్కువ.

కుట్టు మామూలు రన్నింగ్ స్టిచ్చే. బియ్యపుగింజంత పొడవు, మధ్యలో అంతే ఖాళీ. సూదిని నిటారుగా దించితేనే ఐదు పొరలూ పట్టుకుంటాయి. ఏటవాలుగా దించితే అడుగుపొర తప్పిపోతుంది, అందుకే నాలుగు కుట్లకోసారి తిరగేసి చూసుకో. ముడి పైకి కనపడకూడదు. పైపొర కింద దూర్చి చిన్నగా గుంజితే టక్కున లోపలికి పోతుంది. మధ్య వరసతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా అంచులకి రా. ఒకవైపునుంచే కుట్టుకుంటూ పోతే రెండోవైపుకి వచ్చేసరికి బట్ట కుప్పపడుతుంది.

మెషీన్ మీద కుట్టెయ్యనా అన్నావు. అంచు మెషీన్ మీద వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. మధ్య వరసలు మాత్రం చేత్తోనే వెయ్యి. మెషీన్ కుట్టు దగ్గరదగ్గరగా పడి పాతబట్టని చిల్లులు చిల్లులు చేస్తుంది, బొంత అట్టలా బిగుసుకుంటుంది. చేతికుట్టులో పొరలు కాస్త కదులుతాయి. చేత్తో కుట్టిన బొంతకి ఆ జారుడు మెత్తదనం వచ్చేది అందుకే.

ఇది చదివి నేరుగా బొంతమీద పడకు. ముందు మసిగుడ్డ కుట్టు. ఎనిమిది అంగుళాల చదరం, ఐదు పొరలు, అచ్చం బొంతలాగే. రెండు కుట్టేసరికి నీ చెయ్యి నీకు తెలుస్తుంది. మొదటి దానిలో కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, అందరికీ అంతే. బొంతలో కూడా మొదటి వరసలు అలా వస్తే విప్పకు. పాతబట్టని విప్పి కుట్టి విప్పి కుట్టి చేస్తే అది చిల్లులుపడుతుంది. వరసకి పావుగంట అనుకున్నా 43 వరసలకి పదకొండు గంటల పని. రోజుకి అరగంట కూర్చుంటే మూడు వారాలు పట్టేస్తుంది. ఆఫీసు టెన్షన్లూ పండగలూ కలుపుకుని అక్టోబరు మొదట్లో మొదలుపెడితే నవంబరు పదికల్లా అయిపోవాలి. రాత్రి లైటు కింద కన్నా పొద్దున్న వెలుతురులో కుట్టుకో. కళ్ళు, మెడ రెండూ దక్కుతాయి.

అంచుకి లేసు పెట్టాలనుందన్నావు. పాలకొల్లులో పుట్టిపెరిగిన దాన్ని, లేసంటే నాకు ఇష్టం లేకేం? మధ్యాహ్నం పనులయ్యాక అరుగులమీద ఆడవాళ్ళు దారపుబంతి ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడుకుంటూ, చేతివంక చూడకుండానే క్రోషా అల్లేవాళ్ళు. వాళ్ళని చూసే నేను సూది పట్టుకున్నాను. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినప్పుడు, ఆ చేతులన్నీ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. కానీ చంటిపిల్ల బొంతకి లేసు వద్దమ్మా. ఆ కన్నాల్లో చిన్నవేళ్ళు ఇరుక్కుంటాయి. లేసు మీద మనసుంటే మీ ఆడపడుచు దిండు గలీబుకి పెట్టు. బాలింతకి కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి కుట్టాలి కదా, అందరూ బిడ్డకే తెస్తారు.

మూలలకి అందం కావాలంటే ఇంకో దారి ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ధీ ఆడవాళ్ళు కవంది అనే బొంతలు కుడతారు. అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. నాలుగు మూలలా చిన్న గుడ్డముక్కల్ని ముక్కోణంగా మడిచి పెడతారు, వాటిని ఫుల అంటారు. నీకు మిగిలిన చీరముక్కతో అలాంటివి చెయ్యొచ్చు, ఊడిపోకుండా గట్టిగా కుట్టు. పూసలు, గుండీలు, అద్దాలు ఏవీ వద్దు. పేరు ఇంకా పెట్టలేదు కాబట్టి ఒక మూల మామిడిపిందె, కింద సంవత్సరం కాడకుట్టుతో, అంటే స్టెమ్ స్టిచ్‌తో, వేస్తే చాలు. నువ్వడిగిన డిజైన్ నా లెక్కలో ఇంతే.

ఊలు టోపీ కూడా అల్లుతానన్నావు, మంచిది. పుట్టిన పిల్లకి తల చుట్టుకొలత 14 అంగుళాల దాకా ఉంటుంది. కానీ ఆ తలకి సరిగ్గా సరిపోయేలా అల్లితే కొద్దివారాల్లోనే బిగువైపోతుంది. మూడునెలల పిల్లకి, అంటే 16 అంగుళాల తలకి సరిపోయేలా అల్లు. ఊలు సాగుతుంది కాబట్టి అల్లిక 14 ఉంటే చాలు. ముందు నాలుగంగుళాల శాంపిల్ ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో లెక్క చూసుకో. గడ్డం కింద కట్టే తాళ్ళు పెట్టకు.

ఇంకొక్క మాట, ఇది మీ అత్తగారికి కూడా చెప్పు. ఏడాది నిండేదాకా పిల్ల పడుకునే తొట్టిలో దుప్పటి, దిండు, బొంత ఏవీ ఉండకూడదని అక్కడి పిల్లల డాక్టర్లు చెప్తారు. ముఖంమీద పడితే ఊపిరాడదని భయం. వాళ్ళు చెప్పింది వినాలి. నా కూతురు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలియక, నేను తెచ్చిన బొంత కప్పనివ్వలేదని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. మన బొంత నేలమీద పరిచి పిల్లని బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి, నూనె రాసేటప్పుడు కిందికి, ఒళ్ళో వేసుకుని పాలు పట్టడానికి. ఆ పనులకే రోజంతా వాడతారు. పంపేముందు ఒకసారి నువ్వే మెషీన్లో ఉతికి, ఎండలో ఆరేసి చూడు. ఊడే కుట్టేదైనా ఉంటే ఇక్కడే ఊడుతుంది, నువ్వే సరిచేసుకోవచ్చు.

రేపు బస్సులో పార్సిల్ వేయిస్తున్నాను. 7, 8 నంబర్ల సూదుల పొట్లం, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే నా పాత అంగుస్తాన్, దారానికి రాసుకోవడానికి మైనం ముక్క ఉంటాయి. అంగుస్తాన్ నీ వేలికి వదులైతే లోపల చిన్న గుడ్డపీలిక చుట్టుకో. మసిగుడ్డలు రెండూ అయ్యాక వెనకవైపు ఫోటో తీసి పంపు, ముందువైపు కాదు.

ప్రేమతో
పెద్దమ్మ