పాత ఆఫీసు భవనం తీసేసి అపార్ట్‌మెంట్ కట్టాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

అబిడ్స్, నారాయణగూడ, సికింద్రాబాద్, విజయవాడ గవర్నర్‌పేటల్లో అరవై డెబ్బై ఏళ్ల కిందట కట్టిన ఆఫీసు భవనాలు ఇప్పుడు పిల్లల చేతికి, మనవల చేతికి వచ్చాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే.

ప్రశ్న: అబిడ్స్‌లో మా నాన్నగారు 1962లో కట్టించిన మూడంతస్తుల ఆఫీసు భవనం ఉంది. స్థలం వెయ్యి గజాలు. మేం ముగ్గురం అన్నదమ్ములం. కూల్చి అపార్ట్‌మెంట్ కడతాను, చెరి సగం అంటున్నాడు బిల్డరు. ఒప్పుకోవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సగం సరే, దేంట్లో సగమో ముందు తేల్చుకోండి. కొత్త భవనం ఎంత వస్తుందో చెప్పేది మీ గజాలు ఒక్కటే కాదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా చెబుతాయి.

స్థలం 30 మీటర్ల వెడల్పు, 28 మీటర్ల లోతు అనుకుందాం. అంటే 840 చదరపు మీటర్లు, సుమారు 1,005 గజాలు. ఆ రోజుల్లో గోడకు గోడ ఆనించి కట్టేవారు. 80 శాతం జాగాలో భవనం ఉంటే అంతస్తుకు 672, మూడంతస్తులకు 2,016 చదరపు మీటర్లు. ఇప్పుడు 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీఓ 168) ప్రకారం చుట్టూ ఖాళీలు, అంటే సెట్‌బ్యాక్‌లు వదలాలి. స్థలం సైజు, ఎత్తు, రోడ్డును బట్టి అవి మారతాయి. లెక్క కోసం నాలుగు పక్కలా 4 మీటర్లు వదిలామనుకోండి. కట్టడానికి మిగిలేది 22 × 20, అంటే 440 చదరపు మీటర్లు. స్టిల్ట్ (కింద కార్లకు వదిలే స్తంభాల అంతస్తు) మీద ఐదంతస్తులు వేస్తే 2,200. ఇంత కష్టపడితే పాతదాని కన్నా పెరిగింది 184 చదరపు మీటర్లే. అందులో సగం బిల్డరుకు పోతే మీకు వచ్చేది 1,100. కొత్త ఫ్లాటు అడుగు ధర పాత ఆఫీసు అడుగు ధరకు 1.8 రెట్లు ఉంటే సరికి సరి. కట్టినన్నాళ్లు పోయే అద్దె దీనికి అదనం.

రోడ్డు విస్తరణ ఉంటే లెక్క ఇంకా మారుతుంది. ముందు 3 మీటర్లు పోతే కట్టుకునేది 22 × 17. ఐదంతస్తులకు 1,870, పాత భవనం కన్నా తక్కువ! అందుకే బిల్డరుతో మాట్లాడే ముందే టౌన్ ప్లానింగ్ విభాగంలో మాస్టర్‌ప్లాన్ ప్రకారం మీ రోడ్డు వెడల్పు ఎంతో కనుక్కోండి. వదిలిన జాగాకు సెట్‌బ్యాక్‌లో రాయితీ గానీ, టీడీఆర్ (పోయిన జాగాకు బదులుగా ఇచ్చే, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ అడగొచ్చు. ఆ టీడీఆర్ ఎవరికి చెందుతుందో అగ్రిమెంట్‌లో రాయించకపోతే తర్వాత అదో తగాదా.

అంతస్తుకు నాలుగు చొప్పున 20 ఫ్లాట్లు, మీకు 10. ముగ్గురికి మూడేసి పోగా ఒకటి మిగులుతుంది. కుటుంబాలు విడిపోయేది తరచూ ఆ ఒక్క ఫ్లాటు దగ్గరే. దాని విలువ ఎలా కట్టాలో ఇప్పుడే రాసుకోండి. ఏ అంతస్తు, ఏ దిక్కు ఫ్లాట్లు ఎవరివో కూడా ప్లాన్ మీద గుర్తు పెట్టి సంతకాలు చేయండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో చేరొచ్చనే పత్రం) వచ్చేదాకా మొత్తం నిర్మాణంలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టాలి, అంటే రెండు ఫ్లాట్లు. అవి బిల్డరు వాటాలోవే అయ్యుండాలి. ఇక పార్కింగ్. దారితో కలిపి ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. 440 మీటర్ల స్టిల్ట్‌లో 15, 16 కార్లు పడితే గొప్ప. స్తంభాలు సరిగ్గా పెట్టకపోతే అవీ పట్టవు. ‘ఫ్లాటుకో కారు’ అని మాట ఇచ్చినవారిని ప్లాన్ మీద గీసి చూపించమనండి.

గడువు విషయంలో ఒక్క మాట. ‘అనుమతి వచ్చిన నాటి నుంచి 30 నెలలు’ అని రాస్తే, అనుమతి ఆలస్యమైనా బిల్డరుకు నష్టం లేదు. సంతకమైన ఆరు నెలల్లో అనుమతి తేవాలని, తేలేకపోతే ఒప్పందం రద్దని వేరే షరతు పెట్టండి. అనుమతి పత్రం చేతికి రాకుండా భవనాన్ని ముట్టుకోనివ్వద్దు. అద్దె వచ్చే భవనం పోయి ఖాళీ జాగా మిగిలాక బేరమాడే బలం మీకుండదు.

ప్రశ్న: మాది 1968 నాటి పిల్లర్ల భవనం, నాలుగంతస్తులు. కూల్చకుండా లోపల గోడలు లేపి ఫ్లాట్లుగా మార్చుకోవచ్చా? ఇంజినీరు చూసి ‘గట్టిగానే ఉంది’ అన్నారు. – ఒక పాఠకురాలు, నారాయణగూడ

పై లెక్క చూశాక ఈ ప్రశ్న చాలామందికి రావాలి. వస్తే మంచిదే. ఉన్న భవనం నిలిస్తే పాత విస్తీర్ణం నిలుస్తుంది. వాడకం మార్పుకు కార్పొరేషన్ అనుమతి మాత్రం తప్పనిసరి. పాత మంజూరు ప్లాన్ దొరుకుతుందేమో ముందు వెతకండి.

కంటితో చూసి ‘గట్టిగా ఉంది’ అనేస్తే సరిపోదు. ఆ కాలపు కాంక్రీటు ఎక్కువగా 1:2:4 పాలు (సిమెంటు, ఇసుక, కంకర), కడ్డీలు నున్నటి గుండ్రటివి. చవకైన, నమ్మదగిన పరీక్ష ఒకటుంది. స్లాబు అడుగున, స్తంభం మూలన కాంక్రీటును కడ్డీ కనిపించేదాకా చెక్కి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు తిరిగినంత మేర కాంక్రీటులో క్షారం ఉంది, కడ్డీకి రక్ష ఉంది. రంగు మారని మేర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని తినేసింది. రంగు రాని పొర కడ్డీని దాటి లోపలికి వెళ్లిందంటే, తడి తగిలిన చోటల్లా తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. బాత్రూముల కింద, ట్యాంకు కింద, సన్‌షేడ్‌ల దగ్గర ముందు చూడండి. తర్వాత కోర్ పరీక్ష, అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి తీసి బలం చూడటం. మూడు కోర్లకు తగ్గకుండా తీయించాలి. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు బలం అనుకున్న గ్రేడులో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఆఫీసు స్లాబును ఇంటి స్లాబు కన్నా ఎక్కువ బరువుకే డిజైన్ చేస్తారు. అయినా మార్చేటప్పుడు దెబ్బతినేది బాత్రూముల దగ్గరే. ఆఫీసులో బాత్రూము చోట స్లాబు కిందికి దించి ఉండదు. పైపుల కోసం తొమ్మిది అంగుళాలు ఇటుక ముక్కలతో నింపితే చదరపు మీటరుకు 400 కిలోలు దాటుతుంది. అంటే మనుషులు, సామాను కోసం ఉంచిన సత్తువంతా ఆ నింపుడే తినేస్తుంది. బాత్రూములు, వంటగదులు బయటి గోడకే పెట్టి, పైపులు గోడ బయట దించండి. నింపక తప్పని చోట తేలిక ఏఏసీ (గాలి బుడగల కాంక్రీటు) ముక్కలు వాడండి. గోడలకూ ఇదే సూత్రం. పది అడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ప్లాస్టరుతో కలిపి, మీటరు పొడవుకు సుమారు 800 కిలోలు. నాలుగు అంగుళాల ఏఏసీ గోడ అందులో సగం కూడా ఉండదు.

లిఫ్టు కోసం స్లాబు కోయమంటే ఆగండి. నున్నటి కడ్డీలు కాంక్రీటును సరిగా పట్టుకోవు. అందుకే చివర్లలో కొక్కెంలా వంచేవారు. మధ్యలో కోస్తే ఆ పట్టు పోతుంది, కోసిన చుట్టూ కొత్త దూలాలు వేయాల్సి వస్తుంది. లిఫ్టును బయట వేరే చట్రంలో కట్టుకోవడం నయం. చివరగా వెలుతురు. భవనం లోతు 18 మీటర్లుంటే మధ్య గదులకు కిటికీ ఉండదు. కిటికీ లేని గదిని పడకగది అనడానికి వీల్లేదు. నడుమ చోటును స్టోర్‌లకు, లిఫ్టు ముందు నడవకు వదిలేయాలి. బాత్రూములు, లిఫ్టు, వెలుతురు, ఈ మూడూ కుదరకపోతే కూల్చడమే మేలు.

ప్రశ్న: కూల్చే కాంట్రాక్టరు తానే మాకు ఎదురు డబ్బు ఇస్తానంటున్నాడు. సామానంతా తనదట. ఇందులో మోసం ఉందా? – సికింద్రాబాద్

మోసం కాదు, మామూలు పద్ధతే. మీ దగ్గర ఏముందో మీకు తెలియకపోతేనే నష్టం. టేకు ద్వారబంధాలు, తలుపులు, ఐ గర్డర్లు, షాబాద్ బండలు, స్లాబు కడ్డీలు, కరెంటు రాగి తీగ అన్నీ లెక్క రాయించి, ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగండి. పాత టేకును విడిగా అమ్ముకుంటేనే మంచి ధర పలుకుతుంది.

డబ్బు కన్నా ముఖ్యం కూల్చే వరస. కట్టిన వరసకు తలకిందులుగా, పైనుంచి కిందికి రావాలి. ముందు కరెంటు సర్వీసు తీయించి కాగితం తీసుకోండి. నల్లా మూయించండి. డ్రైనేజీ మూతి సిమెంటుతో బిగించకపోతే రాళ్లూ మట్టీ అందులో పడి వీధి మొత్తం పొంగుతుంది. సిమెంటు రేకులు, పాత సిమెంటు వాననీటి గొట్టాలు ఉంటే అవి ఆస్బెస్టాస్ అనే అనుకోండి. పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి, మొత్తంగా దించి, ప్లాస్టిక్‌లో చుట్టి పంపాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. పనివాళ్లకు గుడ్డ మాస్కు చాలదు.

తర్వాత పిట్టగోడ, పై స్లాబు, గోడలు. ఇక్కడ రెండు తప్పులు ప్రాణాలు తీస్తాయి. ఒకటి, శిథిలాలను కింది స్లాబు మీదే పోగెయ్యడం. అడుగు మందం శిథిలం చదరపు మీటరుకు దాదాపు 450 కిలోలు. మామూలు ఆఫీసు స్లాబును అంత బరువుకు కట్టరు. ఎప్పటికప్పుడు దించేయాలి. రెండు, సన్‌షేడ్, బాల్కనీ. వాటిని తూగకుండా పట్టి ఉంచేది పైనున్న గోడ బరువు. గోడ ముందు తీసేస్తే అవి ముందుకు ఒరిగి, కింద ఉన్నవారి మీద పడతాయి. కింద ఊతకర్రలు పెట్టి ముందు వాటినే కోసేయాలి.

పక్కింటికి ఆనుకున్న గోడ దగ్గర మిషను వద్దు. మీటరు మేర చేత్తోనే తీయించండి. అంతకు ముందే పొరుగువారి ఎదుట వారి గోడ పగుళ్లు తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, పగులు మీద గాజు పట్టీ అంటించండి. పట్టీ విరిగితే గోడ కదిలినట్టు. మీ గోడ పోయాక వారి గోడ వానకు నగ్నంగా నిలబడుతుంది. వర్షాల లోపే దానికి ప్లాస్టరు చేయించడం మీ బాధ్యత.

రెండు వేల చదరపు మీటర్ల భవనం నుంచి రెండు వేల టన్నులు దాటి శిథిలాలు రావచ్చు. 15 టన్నుల టిప్పర్లకు 130 ట్రిప్పులు పైమాటే. నగరంలో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వీటిని శుద్ధి చేసే ప్లాంట్లు ఉన్నాయి. ప్రతి ట్రిప్పుకూ రసీదు చూపిస్తేనే కాంట్రాక్టరుకు లెక్క తేల్చండి. చెరువులో పోస్తే అడిగేది స్థలం యజమానినే.

ప్రశ్న: కింద ఒక షాపు 1971 నుంచి ఉంది. అద్దె రూ.2,400. ఖాళీ చేయనంటున్నారు. – హైదరాబాద్

కార్పొరేషన్ పరిధిలో నెలకు రూ.3,500 లోపు అద్దె ఉన్న పాత భవనాలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుంది. కూల్చి తిరిగి కట్టడానికి స్వాధీనం కోరే వీలు అందులో ఉంది, కానీ రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాలి. మంజూరైన ప్లాన్, కట్టడానికి డబ్బు ఉన్న ఆధారం చూపించాలి. కరెంటు, నీళ్లు ఆపి వెళ్లగొట్టాలని చూడకండి, కేసు మీ మీదికే తిరుగుతుంది. యాభై ఏళ్లుగా అక్కడే బతికిన మనిషికి పరిహారమో, కొత్త భవనంలో చిన్న జాగానో ఇచ్చి రాతపూర్వకంగా తేల్చుకోవడం న్యాయం, తొందరగా అయ్యే పని కూడా. బిల్డరు ఒప్పందం ఆ తర్వాతే.

ప్రశ్న: హైదరాబాద్ భవనంలో నాకూ తమ్ముడికీ వాటా ఉంది. నేను ఇండియా రాకుండా సంతకం ఎలా? పన్ను ఎప్పుడు కట్టాలి? – డల్లాస్, అమెరికా

అక్కడే పవర్ ఆఫ్ అటార్నీ రాసి, కాన్సులేట్‌లో ధ్రువీకరించి గానీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించి గానీ పంపండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటించేవాళ్లే ఎక్కువ. పవర్ తమ్ముడి పేరునే ఇవ్వండి, బిల్డరు మనిషికి వద్దు. ఏయే పనులకో విడివిడిగా రాయండి.

వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబాలు బిల్డరుతో రిజిస్టరైన జాయింట్ డెవలప్‌మెంట్ (స్థలం మీది, కట్టడం అతనిది) ఒప్పందం చేసుకుంటే, 2017లో తెచ్చిన మార్పు ప్రకారం మూలధన లాభం పన్ను కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది. మీ వాటా ఫ్లాట్లకు ఆ రోజున్న స్టాంపు విలువ, దానికి తోడు తీసుకున్న నగదు కలిపి అమ్మకపు విలువ అవుతుంది. సర్టిఫికెట్ రాకముందే మీ వాటా అమ్మేస్తే ఈ వెసులుబాటు పోతుంది. భవనం ఫర్మ్ పేరునో కంపెనీ పేరునో ఉంటే అసలు వర్తించదు. ఆఫీసు భవనాలు చాలా వరకు అలాగే ఉంటాయి, దస్తావేజు ఒకసారి చూడండి. కూలేది ఇల్లు కాదు కాబట్టి, ఇల్లు అమ్మి ఇల్లు కొన్నప్పటి మినహాయింపు రాదు. ఇతర ఆస్తులు అమ్మి ఇల్లు కొన్నప్పటి మినహాయింపు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54ఎఫ్) వస్తుంది. అదీ ఒక్క ఇంటికే, మూడు ఫ్లాట్లకు కాదు. ఇప్పటికే ఒకటికి మించి ఇళ్లు ఉంటే అదీ దక్కదు. నగదు మీద ప్రవాసులకు మినహాయించే టీడీఎస్ నిబంధన వేరు. ఒప్పందం ముసాయిదా దశలోనే ఆడిటరుకు చూపించండి.

ప్రశ్న: గవర్నర్‌పేటలో పాత భవనం తీసి కట్టే అపార్ట్‌మెంట్‌కు సెల్లార్ వేయాలని అంటున్నారు. వేయొచ్చా? – విజయవాడ

నగరం నడుమ నుంచి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. కాలువలకు నీళ్లు వదిలాక భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. ఎండాకాలంలో చేసిన మట్టి పరీక్ష చూసి సెల్లార్ ఖాయం చేయకండి. తవ్వకంలో ఊరే నీళ్లను తోడుతుంటే నీళ్లతో పాటు ఇసుకా వస్తుంది. ఆ ఇసుక వచ్చేది పక్కింటి పునాది కింది నుంచి! నీళ్లు మట్టిగా వస్తుంటే వెంటనే పంపు ఆపాలి. స్థలం చిన్నదైతే స్టిల్ట్‌తో సరిపెట్టుకుని ఒక ఫ్లాటు తగ్గించుకోవడమే మా సలహా.

ప్రశ్న: పాత భవనం ఇంకా కూల్చలేదు. ‘ప్రీలాంచ్‌లో ఇప్పుడు కొంటే చవక’ అంటున్నారు. – సికింద్రాబాద్

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడిగే హక్కు లేదు. మీరు కొనే ఫ్లాటు బిల్డరు వాటాలోదా, యజమాని వాటాలోదా అని చూడండి. ఎవరిదైతే వారి సంతకం కావాలి. కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన ఫ్లాట్ల నంబర్లు అడిగి రాసుకోండి. అవి విడుదల కాకముందు మీకు అంటగట్టాలని చూస్తే ఒప్పుకోవద్దు.