తువ్వాలు కప్పి విను

సాలిగ్రామం, చెన్నై.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. బెంగళూరు మారతహళ్లి ఫ్లాటులో ఒక గదిని పాటలు వినడానికే కేటాయించావనీ, సీడీ కంటే ఎక్కువ వివరం ఉంటుందనే హై-రెజల్యూషన్ సంగీతం కోసం డ్యాక్ (అంకెల్లో ఉన్న పాటను ధ్వని సంకేతంగా మార్చే పెట్టె), ఆంప్లిఫయరు, హెడ్‌ఫోన్లు కలిపి రెండు లక్షల నలభై వేల రూపాయల సామగ్రిని ఈఎంఐ మీద కొనబోతున్నావనీ చెప్పింది. ముప్పై ఏళ్లు రికార్డింగు గదుల్లో బతికినవాణ్ణి కనుక, మన ఇంట్లో ఒక్కరికైనా నిలకడగా కూర్చుని పాట వినే ఓపిక వచ్చిందని గర్వపడ్డాను. ఆ తరువాత ఈఎంఐ అన్న మాట గుర్తుకు వచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందే చెప్పేస్తాను. బ్లూటూత్‌తో ఈ ఖర్చుకు అర్థం లేదు, ఎందుకంటే బ్లూటూత్ మీద పాట పంపే సోనీ వారి పద్ధతి ఎల్‌డ్యాక్ కూడా సెకనుకు గరిష్ఠంగా 990 కిలోబిట్లే పంపుతుంది, సీడీకి 1,411 కావాలి. ఐఫోనులో 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల ధ్వని కొలతలు) దాటిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు వినాలంటే బయటి డ్యాక్ తప్పనిసరి. నష్టం లేని (లాస్‌లెస్, అంటే కుదింపులో ఏమీ పోని) ఫైళ్లకు ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనపు రుసుము తీసుకోవడం లేదు కనుక, వాటి కోసం ఎవరైనా వేరే డబ్బు అడిగితే ఇవ్వకు.

ఇక అసలు విషయం. 1982లో వచ్చిన సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, అంటే ధ్వని కొలతలు, ఉంటాయి, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు. నమూనాల సంఖ్యలో సగం లోపు ఉన్న పౌనఃపున్యాలను తిరిగి యథాతథంగా రాబట్టవచ్చు కనుక సీడీ దాదాపు 22 వేల హెర్ట్జ్ దాకా మోస్తుంది. మనిషి చెవి పడుచు వయసులో కూడా సుమారు 20 వేల దగ్గర ఆగిపోతుంది, నా చెవి సంగతి సరేసరి. 192 కిలోహెర్ట్జ్ ఫైలు 96 వేల దాకా మోస్తుందని గొప్పగా చెబుతారు గాని, ఆ మిగులు గబ్బిలాలకు తప్ప మనకు అక్కరకు రాదు. సీడీ ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందని అంగళ్లలో చూపించే బొమ్మను కూడా నమ్మకు. డ్యాక్ నుంచి బయటికి వచ్చేది నున్నటి అలే.

పరీక్షలు జరగలేదనుకోకు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలో, ఎక్కువ బిట్ల ధ్వనినీ, దాన్నే సీడీ స్థాయికి కుదించిన ధ్వనినీ మార్చి మార్చి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు వచ్చాయి, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన రీస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కకట్టగా 52.3 శాతం తేలింది. వినడంలో శిక్షణ పొందినవారికి అది మరికొంత పెరిగింది. కనుక తేడా బొత్తిగా లేదని నేను ప్రమాణం చేయను. ఉన్న తేడా రెండు లక్షల నలభై వేలది కాదని మాత్రం చెప్పగలను.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, ఒకప్పుడు నేనూ మోసపోయాను కనుక. మోసగించింది మరెవరో కాదు, నా చెవే. 1996లో, మీ అత్తయ్య ఫ్రిజ్ కోసం దాచిన డబ్బుకు మరికొంత కలిపి, ఇరవై ఎనిమిది వేలు పెట్టి విదేశీ సీడీ ప్లేయరు ఒకటి తెచ్చాను. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, నా చేతులతో నేనే తీగలు మార్చుకుంటూ వారం రోజులు విన్నాను. కొత్తదానిలో తంబుర శ్రుతి విప్పారినట్టు, వీణ మీద గమకం చివరి దాకా వినబడినట్టు అనిపించింది. ఆ సంబరం నాలోనే దాచుకున్నా బాగుండేది. స్టూడియోకు వచ్చే ప్రతివాడికీ చెప్పాను. మైలాపూరులో ఉండే ఒక వీణ మాస్టారు, పింఛను మీద బతికే మనిషి, నా మాట మీద అదే ప్లేయరు కొన్నారు.

మరో నాలుగు నెలలకు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మీటరు పట్టుకుని ఇంటికి వచ్చాడు. రెండు ప్లేయర్లలోనూ ఒకే పరీక్ష స్వరాన్ని మోగించి కొలిస్తే పాతది 2 వోల్టులు, కొత్తది 2.3 వోల్టులు ఇస్తున్నాయి. తేడా 1.2 డెసిబెల్. అంత చిన్న తేడాను చెవి పెద్ద శబ్దంగా గుర్తించదు, మెరుగైన శబ్దంగా గుర్తిస్తుంది. స్టూడియోలో మిక్సు పెంచి నిర్మాతలను మెప్పించే మాకు ఆ కిటుకు తెలియనిదా? తెలిసీ పడ్డాను. కుర్రాడు రెండింటినీ సమం చేశాడు, మీ అత్తయ్య ప్లేయర్ల మీద తువ్వాలు కప్పి తనే తీగలు మార్చింది. ఇరవై సార్లు విని పదకొండు సార్లు సరిగ్గా చెప్పాను. ఆమె మాత్రం రెండో సారికే "రెండూ ఒకటే కదండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. వీణ మాస్టారికి ఆ సంగతి చెప్పాలని రెండు సార్లు ఆయన వీధి దాకా వెళ్లి, చెప్పకుండానే తిరిగి వచ్చాను. ఆయన ఇప్పుడు లేరు.

24 బిట్లు పనికిరావని నా ఉద్దేశం కాదు. డ్యాట్ (డిజిటల్ టేపు) రోజుల్లో 16 బిట్లతోనే కచేరీలు రికార్డు చేసేవాళ్లం. ఉన్న జాగా వృథా కాకూడదని శబ్దం మట్టాన్ని పైపైన నడిపితే, తాళవాద్యాలు విడిగా మోగే తనిలో మృదంగం దెబ్బ ఒకటి హద్దు దాటి చిట్లిపోయేది. 24 బిట్లు వచ్చాక 20 డెసిబెళ్ల ఖాళీ వదిలి ప్రశాంతంగా కూర్చోగలిగాం. ఆ మేలు రికార్డు చేసేవాడిది. వడ్డించాక నీ విస్తట్లోకి వచ్చే అన్నం అంతే ఉంటుంది. 1950లలో మద్రాసులో మోనోలో పట్టిన పాటను 192 కిలోహెర్ట్జ్‌లో విన్నా, అదనంగా దొరికేది టేపు బుస మాత్రమే. ఒకే పాట రెండు విడుదలల మధ్య నీకు నిజంగా తేడా వినిపిస్తే, అది చాలా సార్లు మాస్టరింగు (విడుదలకు ముందు పాటకు చివరి మెరుగులు) చేసినవారి చేతిలోనిది. కొత్త మాస్టరులో శబ్దపు హెచ్చుతగ్గులను నొక్కేసి ఉంటే బిట్లు ఎన్ని ఉన్నా ప్రయోజనం ఉండదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఫ్యాను తిరిగే గదిలో మౌనం అనుకునేదే 30 డెసిబెళ్ల పైన ఉంటుంది, నీ కిటికీ అవతల రింగు రోడ్డు కూడా ఉంది. 16 బిట్లలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే 96 డెసిబెళ్లనే ఆ రొద మీద పూర్తిగా వినాలంటే శబ్దం 126కు చేరాలి, అది చెవిని చంపే స్థాయి. లేని వివరాన్ని వెతుకుతూ నువ్వు మట్టం పెంచుతూ పోతావని నా బెంగ. 85 డెసిబెళ్లు రోజుకు ఎనిమిది గంటల దాకా ఫరవాలేదంటారు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. నా ఎడమ చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడింది. మీ అత్తయ్య పిలిస్తే పలకనని మీరంతా నవ్వుతారే, ఆ చెవి హెడ్‌ఫోన్లకు బలైందే. ముందు ఆ కిటికీకి మందపాటి పరదాలు వేయించు తల్లీ, పుస్తకాల అలమరను ఆ గదిలోకి చేర్చు, అప్పు లేకుండా కొనగలిగిన మంచి హెడ్‌ఫోన్ ఒకటి తీసుకో.

అయినా కొనాలనే ఉంటే తొందరపడకు. మార్గళి కచేరీలకు డిసెంబరులో ఎలాగూ వస్తావు కదా, ఆ డ్యాక్‌ను నాలుగు రోజులకు ఎవరి దగ్గరైనా ఎరువు తెచ్చుకో. పగలు సభలో ముందు వరుసలో కూర్చుని వీణ విందాం, రాత్రి ఇంట్లో పరీక్ష పెడదాం. మట్టాలు సమం చేయడానికి మీటరు నా దగ్గర ఉంది. తీగలు మార్చడానికి మీ అత్తయ్య ఒప్పుకుంది, ఫ్రిజ్ ఊసు మళ్లీ ఎత్తుతానన్న షరతు మీద.

ఆశీస్సులతో,
మామయ్య